జబ్బు పిల్లిని ఇంటికి తెచ్చుకోవడం: అరవై ఏళ్ల కథ

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్ల సామెత. ఒక్క విషయంలో మాత్రం ఈ లెక్క తిరగబడింది. పిల్లుల ప్రాణం తీసే ఒక వైరస్, మనిషి ఇళ్లు కట్టుకోకముందే ఎప్పుడో ఎలుక జాతి నుంచి పిల్లి జాతిలోకి వచ్చి చేరిందని 1975లో అమెరికా శాస్త్రవేత్తలు జన్యువుల్ని పోల్చి చూసి చెప్పారు. దాని పేరు ఫీలైన్ ల్యుకేమియా వైరస్. పొట్టిగా ఎఫ్ఇఎల్‌వి అంటారు. చదవడానికి వీలుగా నేను ఇక్కడ "పిల్లి ల్యుకేమియా" అని రాస్తాను.

మన వలసలు, తాతల నాటి ఇళ్లు, మద్రాసు వీధుల్లో మన పెద్దల బతుకులు రాసుకునే చోట పిల్లి జబ్బు సంగతి ఏమిటని మీరు అడగొచ్చు. ఈ మధ్య మా కుటుంబంలోనే ఈ ప్రశ్న వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పిల్ల ఒకతి, వీధిపిల్లుల్ని చేరదీసేవాళ్ల దగ్గర ఒక పిల్లిని చూసి మనసు పడింది. వాళ్లు దాచకుండా, దీనికి ఈ వైరస్ ఉంది, ఇంట్లో మాట్లాడుకుని తీసుకెళ్లండి అన్నారు. ఇంకేముంది, ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "రోగిష్టి పిల్లిని తెలిసి తెలిసీ ఎవరైనా తెచ్చుకుంటారటే?" అని మా అత్తయ్య. "మరి దాన్ని ఎవరు తెచ్చుకుంటారత్తా?" అని ఆ పిల్ల.

కొంచెం చదివి చూస్తే తెలిసింది, ఈ వాదన మా ఇంట్లో పుట్టింది కాదని. పశువైద్యులూ, శరణాలయాలు నడిపేవాళ్లూ, పిల్లుల్ని పెంచుకునే మామూలు కుటుంబాలూ ఏళ్ల తరబడి ఈ రెండు మాటల మధ్యే నలిగారు. ఆ చరిత్ర తెలిస్తే నిర్ణయం తేలికైపోతుందని కాదు గానీ, దేని గురించి నిర్ణయిస్తున్నామో తెలుస్తుంది.

గ్లాస్గోలో ఒకే ఇంటి పిల్లులు

కథ స్కాట్లండ్‌లో మొదలవుతుంది. 1960ల మొదట్లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఉండేవాడు. దూడల ఊపిరితిత్తుల్లో చేరే పురుగుకు టీకా తయారుచేసిన బృందంలో ఆయన కూడా ఒకడు. ఒకే ఇంట్లో ఉన్న పిల్లుల్లో ఒకదాని తర్వాత ఒకటిగా లింఫు గడ్డల క్యాన్సర్ వస్తోందన్న సంగతి ఆయన చెవిన పడింది.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు కదా, మరి ఒకే ఇంట్లో ఇన్ని పిల్లులకు ఎలా వచ్చింది? కోళ్లలో ఒక రకం గడ్డలు వైరస్ వల్ల వస్తాయని 1911లోనే పేటన్ రౌస్ చూపించాడు. ఎలుకల్లో రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను 1951లో లుడ్విక్ గ్రాస్ చూపించాడు. కోడి, ఎలుక సరే. పిల్లి అలా కాదు. మనతో ఒకే గదిలో ఉండి, మన పక్క మీదే పడుకునే జంతువు. జారెట్ బృందం ఆ గడ్డల సారాన్ని పిల్లికూనలకు ఎక్కించి, వాటికి వచ్చిన గడ్డల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసింది. కణాల అంచుల్లో వైరస్ రేణువులు కనిపించాయి. 1964లో నేచర్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది.

బోస్టన్, న్యూయార్క్: అంటుతుందని తేలింది

వైరస్ ఉందని తెలిసింది గానీ, అది తల్లి కడుపులోంచే వస్తుందా, పక్క పిల్లి నుంచి అంటుతుందా అన్నది ఇంకో తొమ్మిదేళ్లకు గానీ తేలలేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సంస్థలో విలియం హార్డీ, బోస్టన్‌లో పశువైద్యురాలు సుజన్ కాటర్, హార్వర్డ్‌లో మాక్స్ ఎసెక్స్ కలిసి, చాలా పిల్లులున్న ఇళ్లను పరీక్షించారు. 1973లో వాళ్లు చెప్పింది ఇది: ఈ వైరస్ పిల్లి నుంచి పిల్లికి అంటుతుంది. ముఖ్యంగా ఉమ్మి ద్వారా. ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకోవడం, ఒకే గిన్నెలో తినడం, తల్లి పాలు, కాట్లు, ఇవీ దాని దారులు.

బోస్టన్, ల్యుకేమియా అన్న రెండు మాటలు కలిపి వింటే మన తెలుగువాళ్లకు ఒక మనిషి గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలో లెడర్లీ కంపెనీలో తయారైన అమినోప్టెరిన్ మందునే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయాడు. పిల్లలకు వచ్చే ల్యుకేమియా ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. పిల్లులకు వచ్చేది అంటుతుంది. పేరు ఒకటే గానీ జబ్బులు వేరు. ఈ తేడా జనానికి తెలియకపోవడం వల్లే తర్వాత చాలా నష్టం జరిగింది.

పరీక్ష వచ్చింది, తీర్పూ వచ్చింది

హార్డీ 1973లో ఒక రక్త పరీక్షను అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. గాజు పలక మీద రక్తపు చుక్కను పూసి పంపితే చాలు, ప్రయోగశాలలో చూసి పిల్లి రక్తకణాల్లో వైరస్ ఉందో లేదో చెప్పేవారు. అంతదాకా గడ్డ కనిపించి, పిల్లి చిక్కిపోతే గానీ తెలియని జబ్బు, ఇప్పుడు ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లిలోనూ కనిపించడం మొదలైంది.

ఆ పరీక్షను మొదట వాడిన పద్ధతికి "పరీక్షించి, వేరుచేయి" అని పేరు. చాలా పిల్లులున్న ఇంట్లో అన్నింటినీ పరీక్షించి, వైరస్ ఉన్నవాటిని తీసేసి, మిగిలినవాటిని కొన్నాళ్లకు మళ్లీ పరీక్షిస్తే, ఆ ఇంట్లో జబ్బు ఆగిపోయేది. ఇది నిజంగా పనిచేసింది, దాని వల్ల ఎన్నో పిల్లులు బతికాయి.

అయితే ఆ "వేరుచేయి" అన్న మాట ఆచరణలో ఏమైందో చూడండి. వేరుచేసిన పిల్లి ఎక్కడికి పోవాలి? దాన్ని తీసుకునే ఇల్లు లేదు. దానికి విడిగా గది కట్టే స్తోమత శరణాలయాలకు లేదు. దాంతో చాలాచోట్ల వేరుచేయడం అంటే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడమే అయిపోయింది. పరీక్ష చెప్పింది "ఈ పిల్లిలో వైరస్ ఉంది" అని. మనుషులు విన్నది "ఈ పిల్లి ఇక బతకకూడదు" అని.

దీనికి ఇంకో భయం కూడా తోడైంది. ఈ వైరస్ ప్రయోగశాలలో మనిషి కణాల్లో కూడా పెరగగలదని 1960ల చివర్లో తేలింది. పేరులో ల్యుకేమియా ఉంది. పిల్లి పిల్లల పక్కలోనే పడుకుంటుంది. ఏ తల్లికైనా గుండె జల్లుమంటుంది. పశువైద్యుల్ని, పిల్లుల్ని పెంచే కుటుంబాల్ని, క్యాన్సర్ రోగుల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. ఈ వైరస్ మనిషికి అంటి జబ్బు తెచ్చిందన్న దాఖలా ఇప్పటిదాకా లేదు. కుక్కకూ అంటదు. భయం మాత్రం పరిశోధన కంటే ఎక్కువ కాలం నిలిచింది.

పేరు కూడా అన్యాయమే చేసింది. ఈ వైరస్ ఉన్న పిల్లులన్నింటికీ ల్యుకేమియా రాదు. ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తం తగ్గిపోవడం, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లి చిన్న జబ్బులకే పడిపోవడం, కొన్నింటికి లింఫు గడ్డలు, ఎక్కువగా కనిపించేవి ఇవే. "రక్త క్యాన్సర్ పిల్లి" అనగానే అవతలివాళ్లు ఇక మిగతాది వినరు.

ఈ పిల్లుల వల్ల మనుషులకు మేలు జరిగిన సంగతి కూడా చెప్పుకోవాలి. 1980ల మొదట్లో ఎయిడ్స్ బయటపడినప్పుడు, రోగనిరోధక శక్తిని కూల్చే ఇలాంటి వైరస్‌ను పిల్లుల్లో ముందే చూసి ఉన్న ఎసెక్స్, మనుషుల్లో కూడా ఇదే కుటుంబానికి చెందిన వైరస్ ఉండొచ్చని అనుమానించినవాళ్లలో ఒకడు. 1986లో లాస్కర్ బహుమతిని గాలో, మాంటనియేలతో పాటు ఆయనకూ ఇచ్చారు. అదే ఏడాది మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం మన దేశంలో మొదటి హెచ్ఐవి కేసుల్ని గుర్తించింది. అప్పుడు మన ఊళ్లో హెచ్ఐవి ఉన్న మనుషుల పట్ల జనం ఎలా ప్రవర్తించారో మన వయసువాళ్లకు బాగా గుర్తు. రక్త పరీక్ష కాగితం ఒక్కటి చాలు, ఇల్లు ఖాళీ చేయమనేవాళ్లు.

పది నిమిషాల పరీక్ష

1985లో మొదటి టీకా వచ్చింది. ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఓల్సెన్ చేసిన పని మీద ఆధారపడి నార్డెన్ కంపెనీ దాన్ని ల్యూకోసెల్ పేరుతో అమ్మింది. వైరస్ లేని పిల్లుల్ని కాపాడటానికి ఇక చంపడం ఒక్కటే దారి కాదన్నమాట. కానీ టీకా, అప్పటికే వైరస్ ఉన్న పిల్లికి ఏ సాయమూ చేయదు. ఆ పిల్లులు మళ్లీ వెనకే మిగిలిపోయాయి.

అదే కాలంలో పరీక్ష కూడా తేలికైంది. ప్రయోగశాలకు పంపి రోజుల తరబడి ఎదురుచూసే పని పోయి, డాక్టరు బల్ల మీదే పది నిమిషాల్లో తేలిపోయే కిట్లు వచ్చాయి. ఇది మంచిదే. కాకపోతే, తెలుసుకోవడం ఎంత తొందరైందో, నిర్ణయం కూడా అంత తొందరైపోయింది. శరణాలయానికి వచ్చిన పిల్లికి ఆ గుమ్మంలోనే పరీక్ష, పాజిటివ్ వస్తే ఆ రోజే ఆఖరి రోజు, ఇలా నడిచిన చోట్లు ఎన్నో.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూద్దాం. 2006లో అచ్చైన ఒక సర్వేలో ఉత్తర అమెరికాలో 18,038 పిల్లుల్ని పరీక్షిస్తే 2.3 శాతంలో ఈ వైరస్ కనిపించింది. అంటే వెయ్యిలో సుమారు 23. ఇప్పుడు ఒక పరీక్ష, ఆరోగ్యంగా ఉన్న నూరు పిల్లుల్లో రెండింటిని పొరపాటున పాజిటివ్ అంటుందని అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న 977 పిల్లుల్లో అది సుమారు 20 పిల్లుల్ని తప్పుగా పట్టుకుంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన 43లో దాదాపు సగానికి జబ్బే లేదు. ఇప్పటి మంచి కిట్లు ఇంతకంటే మెరుగ్గానే పనిచేస్తాయి. అయినా జబ్బు అరుదుగా ఉన్నచోట ఒక్క పరీక్షను నమ్ముకోకూడదన్న సూత్రం మారదు. అందుకే మొదటిసారి పాజిటివ్ వస్తే, ఇంకో పద్ధతిలోనో, కొన్ని వారాల తర్వాతో మళ్లీ చూడమంటారు.

తప్పు పరీక్ష కాకపోయినా, వైరస్ ఒంట్లోకి వెళ్లిన పిల్లులన్నింటి గతీ ఒకటి కాదు. కొన్ని దాన్ని పూర్తిగా తరిమేస్తాయి. కొన్నింటి ఒంట్లో అది మూలుగలో నక్కి ఉంటుంది గానీ, రక్తంలోకి పెద్దగా రాదు, ఉమ్మిలో బయటపడదు. అలాంటివి ఏళ్ల తరబడి మామూలుగా బతుకుతాయి. మిగిలినవాటిలో మాత్రం వైరస్ ఆగకుండా పెరుగుతూ పోతుంది, జబ్బు పడేవి ముఖ్యంగా ఇవే. ఇందులో వయసు కూడా లెక్కే. చిన్న కూనలు తొందరగా లొంగిపోతాయి, పెద్ద పిల్లులు ఎక్కువగా తట్టుకుంటాయి. ఈ తేడాల్ని వైరస్ జన్యువుల మోతాదు కొలిచే పరీక్షలతో స్పష్టంగా చూపించినవాళ్లలో స్విట్జర్లండ్‌లోని జూరిక్ విశ్వవిద్యాలయంవాళ్లు ముందుంటారు.

బతకనివ్వకపోతే ఎంతకాలం బతుకుతుందో ఎలా తెలుస్తుంది

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి ఇదే. "ఈ పిల్లులు ఎన్నాళ్లు బతుకుతాయి?" అని అడిగితే చాలాకాలం ఒకటే జవాబు వచ్చేది. ఎనభై శాతం పైగా మూడు నాలుగేళ్లలో చనిపోతాయి అని. ఆ లెక్క 1970లలో, కిక్కిరిసి పిల్లులున్న ఇళ్లలో, జబ్బు అప్పటికే రాజుకుని ఉన్నచోట తీసింది. ఒంటరిగా, శుభ్రంగా, ఒక ఇంట్లో కూర్చుని తిండి తినే పిల్లి ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పడానికి లెక్కలు తక్కువ. ఎందుకు తక్కువ? అలాంటి పిల్లుల్ని ముందే చంపేస్తున్నారు కాబట్టి. చంపడానికి కారణం అవి బతకవన్న నమ్మకం. బతకవన్న నమ్మకానికి ఆధారం, బతికి చూపించిన పిల్లి లేకపోవడం. గానుగెద్దులా అక్కడక్కడే తిరిగిన వాదన ఇది.

దీన్ని తెంచింది ఇళ్లు. యూటా రాష్ట్రంలోని బెస్ట్ ఫ్రెండ్స్ లాంటి శరణాలయాలు ఈ పిల్లుల కోసం విడిగా గదులు పెట్టి పెంచడం మొదలుపెట్టాయి. మనవాళ్లు చాలామంది స్థిరపడ్డ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఆస్టిన్ పెట్స్ అలైవ్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎలెన్ జెఫర్సన్ అనే పశువైద్యురాలు 2008 నుంచి దాన్ని నడిపించింది. పాజిటివ్ పిల్లుల్ని దాచకుండా, వాటి జబ్బు సంగతి పూర్తిగా చెప్పి, ఇష్టపడ్డ ఇళ్లకు ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఎవరు తీసుకుంటారని అందరూ అనుకున్నారు. తీసుకునేవాళ్లు వచ్చారు.

అలా ఇళ్లకు వెళ్లిన పిల్లుల వల్లే 2021లో ఒక కొత్త లెక్క బయటికి వచ్చింది. ఆస్టిన్ పిల్లుల రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచి, నాలుగేళ్ల పాటు వాటిని గమనించారు. వైరస్ మోతాదు ఎక్కువగా ఉన్నవాటిలో సగం ఏడాదిన్నర నిండకముందే చనిపోయాయి. మోతాదు తక్కువగా ఉన్నవాటిలో నాలుగేళ్ల తర్వాత కూడా పదింటికి తొమ్మిది పైగా బతికే ఉన్నాయి. రెండింటికీ కిట్ మీద వచ్చే జవాబు "పాజిటివ్" అనే ఒక్క మాటే. ఆ ఒక్క మాట వెనక ఇంత తేడా ఉందని, కొందరు మనుషులు ఈ పిల్లుల్ని ఇంటికి తీసుకెళ్లి పెంచితే గానీ ప్రపంచానికి తెలియలేదు.

పశువైద్యుల సంఘాలు కూడా మాట మార్చాయి. పిల్లుల వైద్యుల అమెరికా సంఘం 2008లోనూ, 2020లోనూ ఇచ్చిన సూచనల్లో, పరీక్ష పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో పిల్లి ప్రాణం తీయకూడదని చెప్పింది.

మద్రాసులో వాళ్లకు ఇలాంటి సంగతి ఒకటి కొత్త కాదు. 1950లలో క్షయ అంటే శానటోరియం. రోగిని ఇంటి నుంచి వేరుచేయాల్సిందే అన్నది అప్పటి నమ్మకం. మన ఇళ్లలో క్షయ వచ్చిన మేనమామకో, పెద్దనాన్నకో వేరే గ్లాసు, వేరే కంచం, వసారాలో మంచం ఉండేవన్న మాట మీరూ వినే ఉంటారు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, కొందరు రోగుల్ని శానటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఒకే మందులిచ్చి పోల్చి చూసింది. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారు, ఇంట్లోవాళ్లకు జబ్బు అంతకంటే ఎక్కువగా అంటలేదు. 1959లో వచ్చిన ఆ ఫలితం ప్రపంచమంతా క్షయ వైద్యాన్నే మార్చేసింది. పిల్లి ల్యుకేమియాకు క్షయకు ఉన్నట్టు నయం చేసే మందు లేదు, అది పెద్ద తేడా. కానీ "వేరుచేయి" అన్న మాటను ఇల్లే పరీక్షకు పెట్టిందన్నది మాత్రం రెండు కథల్లోనూ నిజం.

దత్తత అనాలా, పెంపకం అనాలా

ఇంగ్లీషులో పిల్లిని అడాప్ట్ చేసుకోవడం అంటారు. మన పేపర్లు దాన్ని దత్తత అని రాస్తాయి. నాకు ఆ మాట కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. మన పెద్దల్లో దత్తత అంటే వంశం నిలవాలని, కొరివి పెట్టడానికి, ఆస్తి చూసుకోవడానికి ఒకరు కావాలని చేసుకునేది. అందుకే ఆరోగ్యం, గోత్రం, జాతకం అన్నీ చూసేవాళ్లు. పెంపకం వేరు. తల్లి పోయిన మేనకోడల్ని, చదువుకోసం వచ్చిన ఊరివాళ్ల కుర్రాణ్ణి, దిక్కులేని ముసలమ్మను ఇంట్లో పెట్టుకోవడం పెంపకం. వాళ్ల నుంచి మనకేం వస్తుందని ఎవరూ లెక్క వేయలేదు. మద్రాసుకు, బళ్లారికి, బరంపురానికి వలస వెళ్లిన మన ఇళ్లు చాలావరకు అలా ఎవరో ఒకరు ఇంట్లో చోటిస్తే నిలబడ్డవే. అందుకే పెంపుడు పిల్లి అన్న మాటే సరైనదని నాకు తోస్తుంది. ఈ జబ్బు ఉన్న పిల్లిని తెచ్చుకోవడం అచ్చంగా పెంపకమే.

దత్తతలో ఒక్క గుణం మాత్రం ఇక్కడ కావాలి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం ఒకసారి సరిగ్గా జరిగిన దత్తత రద్దు కాదు. జబ్బు ముదిరాక తిరిగి ఇచ్చేస్తామంటే, ఆ పిల్లిని తీసుకునే రెండో ఇల్లు దొరకడం చాలా కష్టం.

మన ఇళ్లలో అయితే

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. చెన్నై, బెంగళూరు, పుణే లాంటి చోట్ల పిల్లుల డాక్టర్ల దగ్గర ఈ పరీక్ష కిట్లు ఉంటున్నాయి. మన పిల్లులకు మామూలుగా వేయించే మూడు జబ్బుల టీకా, రేబిస్ టీకా, రెండూ ఈ వైరస్‌ను ఆపవు. కాబట్టి ఇంట్లో ఇప్పటికే వైరస్ లేని పిల్లులుంటే, ముందు ఆ పిల్లుల గురించి ఆలోచించాలి. ఒకే గిన్నె, ఒకే పరుపు, ఒకదాన్నొకటి నాక్కోవడం ఉన్నచోట ఈ పిల్లిని కలపకూడదు. వేరే పిల్లి లేని ఇల్లు, లేదా ఇదే వైరస్ ఉన్న ఇంకో పిల్లి ఉన్న ఇల్లు దీనికి సరైన చోటు. ఇంట్లో కుక్క, పిల్లలు, ముసలివాళ్లు ఉన్నా ఈ వైరస్ వల్ల వాళ్లకు భయం లేదు. వైరస్ కూడా గట్టిది కాదు. పిల్లి ఒంటి బయట ఎక్కువసేపు నిలవదు, మామూలు సబ్బు నీళ్లకే చస్తుంది.

పిల్లిని బయటికి వదలకూడదు. వీధిపిల్లులకు అంటకుండా, వాటి జబ్బులు దీనికి అంటకుండా. మన తెలుగు ఇళ్లలో మిద్దె మీద, గోడ మీద తిరిగే పిల్లికి ఇది కొత్త అలవాటు, కిటికీలకు జాలీ కొట్టించాల్సిందే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించి, బరువు, రక్తం చూడాలి. పచ్చిమాంసం, పచ్చిగుడ్డు పెట్టకూడదు, వాటిలోని క్రిములు దీనికి తేలిగ్గా అంటుతాయి. శాకాహారుల ఇళ్లవాళ్లకు ఒక మాట: పాలు, పెరుగన్నంతో పిల్లి ఒళ్లు నిలవదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం లేకపోతే ఆరోగ్యంగా ఉన్న పిల్లికే కళ్లు, గుండె దెబ్బతింటాయి. వండటం ఇష్టం లేకపోతే మంచి పిల్లి ఆహారం కొనిపెట్టాలి.

చిగుళ్లు తెల్లబడటం, తిండి మానేయడం, బరువు తగ్గడం, ఊపిరి బరువుగా తీయడం కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒళ్లు వేడిగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర ముక్క వేయడం ఎన్నడూ చేయకూడదు. అది పిల్లికి విషం, ప్రాణమే పోతుంది.

ఖర్చు, దుఃఖం రెండూ ఉంటాయని ముందే ఒప్పుకోవాలి. ఏడాదికే పోవచ్చు, ఎనిమిదేళ్లు ఉండొచ్చు. అందుకే తెచ్చుకునేముందు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: పరీక్ష రెండోసారి చేశారా? వైరస్ మోతాదు కొలిచే పరీక్ష దొరుకుతుందా? ఇంట్లో వేరే పిల్లి ఉందా? మనం ఊరెళితే దీన్ని చూసేదెవరు? వీటికి జవాబు ఉన్న ఇల్లు ఈ పిల్లిని తెచ్చుకోవచ్చు. జవాబు లేని ఇల్లు తెచ్చుకోకపోవడమే దానికి మేలు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మా అత్తయ్య అడిగిన ప్రశ్న తప్పేమీ కాదు, ఇంటిని కాపాడుకోవాలనే ఎవరైనా అలా అడుగుతారు. కానీ గ్లాస్గో నుంచి ఆస్టిన్ దాకా ఈ అరవై ఏళ్లలో వైరస్ మారలేదు, దాన్ని నయం చేసే మందూ రాలేదు. మారిందల్లా ఈ పిల్లుల్ని తెలిసి తెలిసీ తెచ్చుకున్న ఇళ్ల సంఖ్య. మీ ఇళ్లలో ఇలాంటి పిల్లిని పెంచినవాళ్లు ఉంటే, ఎన్నాళ్లు ఉంది, ఏం పెట్టారు, ఏ జబ్బుతో పోయింది, రాసి పంపండి. మన దేశంలో ఈ లెక్కలు ఇంకా తక్కువ, ఒక్కొక్క ఇంటి కథా పనికొస్తుంది.